పాత పంపు చుట్టిన గుడ్డ

మేడ్చల్‌లో శామీర్‌పేట బస్సు కోసం కూర్చున్నాను. ఒళ్లో కొత్త ఆయిల్ పంపు డబ్బా, దుకాణంలో చూపించడానికి మసిగుడ్డలో చుట్టి తెచ్చిన పాత పంపు. ఫిల్టర్ మార్చాను, మీటర్ మార్చాను, అయినా మా ముసలి ట్రాక్టర్‌లో ఆయిల్ ప్రెషర్ ముల్లు లేవదు. ఒళ్లు మండిపోతోంది.

పక్కనున్న పెద్దాయన పంపు వైపు చూసి, "ఆయిల్ తగ్గుతాందా?" అన్నాడు.

"ఏడ తగ్గుతాంది! పొయ్యకున్నా పెరుగుతాంది," అన్నాను విసురుగా.

ఆయన గుడ్డ కొస పట్టుకుని వాసన చూశాడు.

"ఆయిల్ల డీజిల్ కలుస్తాంది బిడ్డా. గంత పల్సగైతే ప్రెషర్ యాడికెళ్లొస్తది? ముందుగాల గా లీకు సూడు."

నేనూ వాసన చూశాను. డీజిలే.

నెల రోజులుగా ఆయిల్ కొలిచే పుల్లను ఆ గుడ్డతోనే తుడిచి, చుక్క కూడా తగ్గలేదని మురిసిపోయాను.

కొత్త పంపు ఇంకా డబ్బాలోనే ఉంది.