పిలిస్తే పలకని క్రీస్తురాజు

క్రీస్తురాజుకు పొగరని వర్క్‌షాప్‌లో అందరూ ఏనాడో తీర్మానించేశారు. వెనకనుంచి పిలిస్తే పలకడు. ఎడమవైపునుంచి పిలిస్తే అసలే పలకడు. ఎదురుగా నిలబడి అడిగితే మాత్రం అడిగినదానికంటే నాలుగు మాటలు ఎక్కువే చెబుతాడు. దానికి తోడు ఆ కోరమీసం ఒకటి. బోగోలు దగ్గర, సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న సాంకేతిక విశ్వవిద్యాలయంలో పదకొండేళ్లుగా, ఇనుమును తిప్పుతూ చెక్కే లేత్ మిషన్ల దగ్గర సహాయకుడిగా ఉన్నాడు. పొగరున్నా పనిమంతుడులే అని జనం సర్దుకుపోయారు.

అసలు సంగతి భార్య పుష్పకుమారి ఒక్కదానికే తెలుసు. పెళ్లినాటికే అతను వేటపడవలో ఇంజన్ పక్కన కూర్చునే మనిషి. ఆ డీజిల్ ఇంజన్ ఇరవై రెండేళ్లు మొత్తుకుని మొత్తుకుని అతని ఎడమ చెవిని పూర్తిగా, కుడి చెవిని ముప్పాతికా మింగేసింది. తుపానుకు పడవ పోయాక ఈ ఉద్యోగం దొరికింది. చెవుడని చెబితే ఇస్తారా? చెప్పలేదు. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టుకోవడం నేర్చుకున్నాడు. పట్టుకోలేనిచోట పొగరుబోతులా నడిచిపోవడం నేర్చుకున్నాడు. రెండోదే తేలికగా వచ్చింది.

ఆ గుట్టును తొలిరోజే పట్టేసింది రేవతి. మెకానికల్ బ్రాంచిలో కొత్తగా చేరిన పిల్ల. పుట్టుకతోనే వినపడదు. వాళ్ల నాన్న బుచ్చిరెడ్డిపాలెంలో వరికోత మిషన్లు బాగుచేస్తాడు కనక, పాలపళ్లు ఊడకముందే ఆమెకు స్పానరు పట్టడం వచ్చు. తనూ పెదవులు చూసే మాట తెలుసుకునే మనిషే. సాటి దొంగను దొంగ గుర్తుపట్టినట్టు ఇట్టే కనిపెట్టి, నోటుపుస్తకంలో రాసి చూపింది: "మీరూ నాలాగేనా అంకుల్?"

క్రీస్తురాజు ఆ కాగితం చింపి జేబులో కుక్కుకున్నాడు. ఆ రోజంతా ఆమెవైపు చూడలేదు. కానీ మర్నాడు ఎందుకో పాత పడవ గుర్తుకొచ్చింది. సముద్రంమీద ఇంజన్ మోతలో ఎవరిమాటా ఎవరికీ వినపడదు. అక్కడ చేతులదే మాట. అరచెయ్యి కిందికి ఊపితే నెమ్మది, పిడికిలి తిప్పితే వేగం, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంటే ఉన్నపళంగా ఆపు. ఆ సైగలన్నీ రేవతికి నేర్పాడు. ఆమెను చూసి తక్కిన పిల్లలూ సరదాగా నేర్చుకున్నారు. పదిహేను రోజుల్లో రేవతి లేత్‌మీద ఇత్తడితో బొంగరం ఒకటి చేసింది. బల్లమీద తిప్పితే కునుకు తీస్తున్నట్టు తిరిగింది.

అప్పుడే విభాగాధిపతి పెంచలప్రసాద్ గారు వర్క్‌షాప్ షెడ్‌లోకి వచ్చారు. చూస్తే క్లాసంతా నెత్తిన చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. "ఏందబ్బా, ఎవరికేమయింది?" అని ఆయన గుండె జారిపోయింది. విషయం తెలిశాక ఇంకా జారింది. ఆయన మంచివాడే. మంచివాడు కనకే భయపడ్డాడు. వినపడని పిల్ల తిరిగే ఇనుము పక్కన ఉండటమా? శుక్రవారం కమిటీని కూర్చోబెట్టి ఆమెను కంప్యూటర్ బ్రాంచికి మార్పించాలని నిర్ణయించారు.

"కంప్యూటర్‌కు గ్రీజు వాసన రాదు," అని రాసి రేవతి పుస్తకం మూసేసింది. ఆ రోజు లేత్ ముట్టలేదు. క్రీస్తురాజు అది చూడలేకపోయాడు.

ఇంటికెళ్లి పుష్పకుమారికి చెప్పాడు. ఆమె ఎదురుగా కూర్చుని అంది, "నీ సంగతి చెప్పేస్తే సరిపోద్ది గదా."

"ఉద్యోగం పోద్ది మే."

"పోతే మళ్లీ వల అల్లుకుందాం. ఇన్నేళ్లు నువ్వు దాచింది ఉద్యోగం కోసమా, రోషం కోసమా?"

"వినపళ్లా."

"ఇది మాత్రం బాగా వినపడుంటదిలే," అని ఆమె అన్నం వడ్డించింది.

శుక్రవారం కమిటీ షెడ్‌లోనే నిలబడింది. "రేవతి తెలివిని నేనేం తక్కువ చేయడంలేదు," అన్నారు పెంచలప్రసాద్ గారు. "ప్రమాదమొస్తే గంట కొడతాం. ఆ గంట వినపడని మనిషి ఇక్కడ ఎట్టా పనిచేస్తాడో మీరే చెప్పండి."

"పదకొండేళ్లుగా చేస్తుండాను సార్," అన్నాడు క్రీస్తురాజు.

ఎడమ చెవి సంగతీ కుడి చెవి సంగతీ మొత్తం చెప్పేశాడు. స్టోర్ చూసే హెన్రీ ముందుకొచ్చాడు.

"అయితే మా పాప పెళ్లికి పిలిస్తే పలక్కుండా పోయినావే, అది?"

"ఎడమపక్క నిలబడి పిలిచుంటావన్నా."

"మూడేళ్లుగా నీతో మాటల్లేవు గదయ్యా," అంటూ హెన్రీ అక్కడే కూలబడ్డాడు.

"గంట సంగతేంది మరి?" అన్నారు పెంచలప్రసాద్ గారు.

"మిషన్లన్నీ వేయించి మీరే కొట్టండి సార్."

రేవతితో సహా పిల్లలు పన్నెండు మిషన్లూ మొదలుపెట్టారు. ఆయన గంట కొట్టారు. ఒక్క తలా లేవలేదు. మళ్లీ కొట్టారు. "ఆపండి" అని గొంతు చించుకున్నారు. నిక్షేపంగా వినపడే పిల్లలు పదకొండుమంది ఎవరిపనిలో వాళ్లున్నారు. ఆయన క్రీస్తురాజువైపు చూశారు. క్రీస్తురాజు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇక తప్పేలా లేదని, అంత పెద్ద ఆచార్యులూ మెల్లగా రెండు చేతులూ ఎత్తి నెత్తిన పెట్టుకున్నారు.

మొదట ఆగింది రేవతి మిషన్. చెవులమీద ఆధారపడని పిల్ల కనక, ప్రతి రెండు నిమిషాలకూ తలెత్తి చుట్టూ చూడటం ఆమెకు అలవాటు. ఆమె చేతులు నెత్తికెక్కడం చూసి పక్కవాడు, వాణ్ణి చూసి ఇంకొకడు ఆపారు. షెడ్ నిశ్శబ్దమైంది. ముందుగా నవ్వింది పెంచలప్రసాద్ గారే.

రేవతి మెకానికల్‌లోనే ఉంది. ప్రతి మిషన్‌పైనా ఎర్రలైటు బిగించారు. కొత్తగా చేరేవాళ్లకు మొదటివారం చేతిసైగలు నేర్పాలని, ఆ పాఠం క్రీస్తురాజే చెప్పాలని కాగితం వచ్చింది. ఉద్యోగం పోలేదు సరికదా, పని పెరిగింది. ఆ సంతోషంలో అతను హెన్రీ ఇంటికి మూడేళ్లు ఆలస్యంగా పెళ్లిభోజనానికి వెళ్లొచ్చాడు.

మొన్న మిషన్లన్నీ తిరుగుతున్నప్పుడు రేవతి షెడ్ ఆ చివర నిలబడి, గాలిలో మీసం మెలేసింది. సైగల భాషలో ఆమె అతనికి పెట్టిన పేరు అది. ఈ చివర ఉన్న క్రీస్తురాజు ఒక్క పిలుపుకే పలికాడు.