మొలలేనని నవ్విన డ్రైవరు

ఆస్పత్రికి బయలుదేరిన రోజు కూడా డ్రైవరు డిపోకి వెళ్ళి, తన బస్సు పక్క అద్దం తుడిచి, తాళం ఇంకో డ్రైవరుకి ఇచ్చాడు. మళ్ళీ ఆ సీట్లో కూర్చోలేదు.

విరేచనంలో రక్తం పడటం మొదలై అప్పటికి ఏడాది. ఇంజను వేడి మీద కూర్చునేవాళ్ళకి మొలలు మామూలేనని డిపోలో అందరి నమ్మకం. ఒకరి మందు ఇంకొకరు వాడేసేవారు.

"ఓసారి డాక్టరుకి చూపించుకోండి," అని భార్య పోరుపెట్టేది.

"మొలలు లేనివాణ్ణి మా డిపోలో డ్రైవరే అనరే!" అని నవ్వేసేవాడు.

మనిషి చిక్కి సగమయ్యాక గొట్టంతో లోపల చూస్తే పెద్దపేగులో క్యాన్సరని తేలింది. కాలేయానికీ పాకింది. ఆపరేషను, కీమో అయినా దక్కలేదు.

వీధి మలుపులో బస్సు హారను వినిపిస్తే భార్య ఇప్పటికీ చేతిలో పని వదిలేసి వాకిట్లోకి వస్తుంది. నడిపేది వేరెవరో అని తెలుసు. అయినా కిటికీలోంచి అతని మోచెయ్యి ఒక్కసారి కనబడితే చాలని ప్రాణం కొట్టుకుంటుంది.

మొన్న ఆడపడుచు వచ్చి, "మా నాన్నకీ ఇలాగే రక్తం పడేది అమ్మాయ్. తమ్ముడప్పుడు చంటివాడు. సిగ్గుతో ఎవరం నోరెత్తలేదు," అంది.

కొడుకుని వెంటబెట్టుకుని ఆమె డాక్టరు దగ్గరికి పరుగెత్తింది.

"మీ మామగారికీ ఇలా ఉండేదని తెలిసుంటే మీ ఆయనకి ముందే పరీక్ష చేసేవాళ్ళం. అబ్బాయికైనా ముందుగా చేయిద్దాం. పేగులో చిన్న కండగా ఉన్నప్పుడే తీసేస్తే చాలావరకు క్యాన్సరు దాకా పోదమ్మా," అన్నాడాయన.

ఆ గొట్టం పరీక్షకి, అతని బస్సు ఒక ట్రిప్పు వెళ్ళొచ్చేంత సేపు కూడా పట్టదట.