ఆ పెట్టెకు తెలియని మాట

మానుకోటకు పోయే మూట కట్టి గోడకు ఆనించాకే మేము బడికి బయలుదేరాం. అందులో నా మనుమరాలి బట్టలు, ఒక దుప్పటి ఉన్నాయి. బడిలో ఏం నేర్పుతున్నారో కళ్లారా చూస్తాననీ, అది ఉత్త ఆటే అయితే సాయంత్రం బండికే పిల్లను మానుకోటలో నా పెద్దకూతురి ఇంట్లో దించి కుట్టుపనిలో పెడతాననీ ఊరి నుంచి వచ్చిన నా కొడుకు తేల్చి చెప్పాడు.

పిల్ల చదువు కోసమే నేను ఊరు విడిచి జనగామలో గది తీసుకుని ఉంటున్నాను. ఆ ఏడు బడికి కంప్యూటర్ వచ్చింది. దాన్ని నేర్పే సారు ముందు ఆటలు ఆడించి, తర్వాత ఆ ఆటలనే పిల్లల చేత రాయిస్తున్నాడట. ఆటను రాయడమేమిటో నాకు అంతుబట్టలేదు. నేను చదివింది మూడో తరగతి. పిల్ల బడి నుంచి ఆలస్యంగా వస్తే తిట్టేదాన్ని. ఇంట్లో కాగితాల మీద గళ్లు గీస్తూ కూర్చుంటే కరెంటు దండగని బుగ్గ దీపం ఆర్పేసేదాన్ని.

నా కొడుకు తిట్టి ఊరుకునే మనిషి కాదు. అరవైతొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం లేచి బడులు మూతబడ్డప్పుడు వాడు పదో తరగతి. ఒక ఏడే కదా, మళ్లీ పోతాడులే అనుకున్నాం. పోలేదు, నాగలి పట్టాడు. అందుకే బడిలో ఆట అనే మాట వింటేనే వాడికి మండేది. నా భయం వేరు. పిల్లకు కూడా బడి ఒకసారి తెగితే మళ్లీ అతకదు.

మాలాగే గొణుగుతున్న తల్లిదండ్రులందరినీ పెద్దసారు ఆ రోజు పిలిపించాడు. మా పిల్ల రాసింది పిట్టల ఆట. జొన్నచేను మీద పిట్టలు వాలుతుంటే వడిసెలతో రాళ్లు విసిరి కొట్టాలి. పెద్దసారు నన్నే ముందు ఆ కంప్యూటర్ పెట్టె దగ్గర కూర్చోమన్నాడు. తెర మీద ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు మాటలు వచ్చాయి.

"ఆడతారా అని అడుగుతున్నది, బాపమ్మా. నువ్వేమంటె గదే కొడ్త."

"ఔ," అన్నాను.

పిల్ల మీటలు నొక్కింది. పెట్టె కీచుమంది. తెర మీద ఒక్క మాట మిగిలింది. పక్కనున్న పెద్దమనిషి దాన్ని పైకి చదివాడు, సెలవు అని. గదంతా నవ్వు. నా కొడుకు నవ్వలేదు.

"సారు రాసిచ్చినదాన్ని గుడ సక్కగ ఆడిపియ్య చాతగాలె. పా, బండి యాళ్లయితున్నది," అన్నాడు.

కంప్యూటర్ సారు లేవబోయాడు. పెద్దసారు చెయ్యి అడ్డం పెట్టి, పిల్లనే చూడనిమ్మన్నాడు. పిల్ల తెర వైపు కాదు, నా నోటి వైపు చూస్తోంది.

"అవును అంటెనే ఆట మొదలువెట్టుమని రాసిన. ఇంకేమన్నా సెలవు చెప్పుమన్న. నువ్వు ఔ అన్నవు, బాపమ్మా."

"మనింట్ల అవును అని ఎవలంటరే?"

"బడిల ఔ అని రాస్తె తప్పు కొడ్తరు."

తెలుగు చెప్పే పంతులు గోడ వైపు చూశాడు. పిల్ల మీటల మీదికి వంగింది. అంతలో గదిలో బుగ్గ దీపం మసకబారింది. కరెంటు పోతే రాసిందంతా పోతుందని పిల్ల ఇంట్లో ఎన్నోసార్లు అన్నది గుర్తొచ్చి, పైన తిరిగే ఫ్యాను బందు చేస్తే కరెంటు నిలుస్తుందని అరిచాను. ఎవరో ఆపారు. ఉక్కపోతలో మీటల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

నా కొడుకు గుమ్మం దగ్గర నుంచి మెల్లగా వచ్చి పిల్ల వెనక నిలబడ్డాడు.

"గిప్పుడేం రాసినవ్?"

"అవును అన్నా, ఔ అన్నా ఒకటే అని చెప్పిన, బాపూ."

"ఎవలు చెప్తె రాసినవ్?"

"ఎవలు చెప్తరు? నేనే రాసినదాయె."

తెర మీద మళ్లీ అదే ప్రశ్న వచ్చింది. ఈసారి పిల్ల నన్ను అడగలేదు. తలెత్తి తండ్రి మొహంలోకి చూసింది. వాడు ఆ ఇంగ్లిషు అక్షరాలను ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివాడు. ఇక బండి మాట ఎత్తలేదు.

"ఔ," అన్నాడు.

పిట్టలు చేను మీదికి దిగాయి.

సాయంత్రం ఆ మూటను నేనే విప్పాను. తాడు పారేయకుండా చుట్టి మేకుకు తగిలించాను.