కంబళి కింద లెన్సు మార్చిన రోజు

కొత్తగా కొన్న మిర్రర్‌లెస్ కెమెరా పట్టుకుని కాకినాడ నుంచి అనంతపురం జిల్లాకు వెళ్లాను. కంబదూరు దాటాక మెట్ట పొలాల్లో హనుమంతప్ప అనే గొర్రెల కాపరి కనిపించాడు. ఆయన్ని దగ్గర నుంచి ఫోటో తీయాలంటే పెద్ద జూమ్ లెన్సు తీసి చిన్న లెన్సు బిగించాలి. కానీ ఎర్రదుమ్ము లేపుతూ ఒకటే గాలి. లెన్సు తీసినప్పుడు లోపలి సెన్సార్ మీద దుమ్ము పడితే ప్రతి ఫోటోలోనూ మచ్చలే.

బ్యాగు అడ్డం పెట్టుకుని అవస్థ పడుతుంటే ఆయనే వచ్చాడు.

“ఏమప్పా, ఏం చేస్తాండావు?”

“దీని లోపల దుమ్ము పడకూడదు పెద్దాయనా.”

ఆయన భుజం మీది కంబళి తీసి నా తల మీదుగా కప్పేశాడు. గొర్రెల వాసన నిండిన ఆ చీకట్లో తడుముకుంటూ లెన్సు మార్చాను. బయటికొచ్చి థ్యాంక్స్ చెబితే వింతగా చూశాడు.

“దానికేంటికప్పా థ్యాంక్సు? గాలొస్తే గొర్రెపిల్లను కప్పమా?”

పేరైనా అడగకుండా నన్ను తన మందలో కలిపేసుకున్నాడు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ మనసు నిండిపోతుంది.

ఆయన ఫోటో తీయబోతే వద్దని, ఒక పొట్టేలును లాక్కొచ్చాడు. “దీన్ని తియ్యి. తల్లి సచ్చిపోతే మా ఆడమనిషి పాలు తాపి సాకినాది. రేపు సంతకు తోలుకపోతాండా. ఆమె నిన్నట్నుంచి అన్నం ముట్టలే.”

నేల మీద మోకరిల్లి జాగ్రత్తగా తీశాను. అక్కడికక్కడే నా ఫోన్‌లోకి ఎక్కించి ఆయన ఫోన్‌కి పంపాను. ఆయన కళ్లు చికిలించి చాలాసేపు చూశాడు. తర్వాత వంగి, ఫోన్‌ను పొట్టేలు ముఖం ముందు పెట్టాడు.

“చూడ్రా, ఎంత బాగుండావో.”