మా ఇంటి కంప్యూటర్‌కు పూడిక తీసిన రోజు

పోయిన నెలలో అటక మీది పాత సామాను తూకానికి వేసేద్దామని దించుతుంటే, పాత చీరగుడ్డలో మూటగట్టిన ఒక ఇనుప పెట్టె చేతికి తగిలింది. విప్పితే మా ఇంటి మొదటి కంప్యూటర్. తెర ఎప్పుడో పగిలిపోయింది, కీబోర్డు ఏమైందో తెలీదు, మిగిలింది ఈ సీపీయూ ఒక్కటే. మూత ఊడదీసి, లోపల మందంగా పేరుకున్న ఎర్రదుమ్మును తడిగుడ్డతో ఒకసారి తుడిచేసరికి, నెలల తరబడి ఎండిన చేని మీద తొలి చినుకు పడ్డప్పుడు లేచే వాసన గదంతా కమ్ముకుంది. గార్లదిన్నె దగ్గరి మా ఊరి మట్టి అది. ఇన్నేళ్ళూ ఆ పెట్టెలోనే ఉంది.

ఆ పెట్టె గురించి మా బంధువుల్లో ఒక కథ ఉంది. మా పద్మత్త పెండ్లిపత్రికల మీద దేవుళ్ళ బొమ్మలు పెట్టి పెట్టి, ఆ దేవుళ్ళ బరువు మోయలేక కంప్యూటర్ కూలిపోయిందనేది ఆ కథ. దాన్ని పెండ్లి పందిళ్ళలో, పంక్తి భోజనాల దగ్గర అందరికంటే ఎక్కువసార్లు చెప్పింది నేనే. చెప్పిన ప్రతిసారీ జనం నవ్వారు. ఆ కథ అబద్ధం. మా నాయన ఇప్పుడు లేడు, పోయిన మనిషి మాట ఇప్పుడెందుకు ఎత్తడమని మా వాళ్ళు అంటారు. అననీ. బతికున్న మనిషి మీద ఇన్నేళ్ళు చెప్పుకుని నవ్వినప్పుడు ఎందుకని ఒక్కరూ అడగలేదు.

నేను ఏడో తరగతి చదువుతున్న రోజులవి. మా ఊళ్ళో ఏడాదికి రెండే కాలాలు ఉండేవి, వాన కోసం చూసే కాలం, ఇక రాదని తెలిసిపోయిన కాలం. ఏరువాక పున్నమికి ఎద్దుల కొమ్ములకు రంగులు పూసి, వేడి ఓళిగల మీద నెయ్యి పోసుకుని తిని, మరునాటి నుంచి పెద్దవాళ్ళంతా అరచెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని పడమటి దిక్కు చూస్తూ నిలబడేవాళ్ళు. వాన పడిన ఏడు శెనక్కాయ కుప్పల మీద దొర్లి, చేలో కంప వేసి కాల్చిన కాయలు మూతికి మసి అంటేలా తినేవాళ్ళం. గోలీలాటలో ఓడినవాడు గెలిచినవాడి జేబు నిండా కాయలు పోసేవాడు. పడని ఏడు గోలీలే ఉండేవి, కాయలు ఉండేవి కావు. అయినా ఆట ఆగలేదు. కరువు సీమ పిల్లలని మా మీద జాలిపడేవాళ్ళు నాకు ఇప్పటికీ తారసపడుతుంటారు. మేం సంగటిలో ఊరుబిండి పచ్చడి నంజుకుని, పొద్దస్తమానం ఎండలో తిరిగి, ఎవరి జాలీ అక్కర లేకుండానే పెరిగాం.

పద్మత్త నాయనకు చెల్లెలు. అనంతపురంలో డిగ్రీ చదువుతూ, సాయంత్రం పూట కంప్యూటర్ నేర్చుకుని ఇంటికి తిరిగొచ్చింది. అప్పటికే నాయన వేయించిన రెండు బోర్లలోనూ తెల్లటి రాతిపొడి తప్ప మరేమీ రాలేదు. మూడో బోరుకు దుడ్లు సిద్ధం చేసుకున్నప్పుడు అత్త అడ్డం తిరిగింది.

"భూమిలోకి ఇంగెంత పోస్తావన్నా? నాకొక కంప్యూటర్ తీసియ్యి. పత్రికలు కొట్టి ఇంట్లోకి నేనిస్తా."

నాయన నాలుగు రోజులు చేని గట్ల మీద తిరిగి, అయిదో రోజు అందరి ముందర షరతు పెట్టి ఒప్పుకున్నాడు. "సరే మే. అది మూలబడిన దినం అమ్మేసి బోరేస్తా. మళ్ళ ఏడ్వగూడదు."

అనంతపురంలో మూతపడిన ఏదో ఆఫీసు నుంచి, వాడి వదిలేసిన కంప్యూటర్ అలా మా ఇంటికొచ్చింది. శెనక్కాయ మూటలు వేసే గదిలో దాన్ని పెట్టారు. ఆ గదిలో ఎప్పుడూ పొట్టు వాసన, గోనెసంచుల వాసన, వేడెక్కిన ప్లాస్టిక్కు వాసన కలిసి ఉండేవి. దసరా ఆయుధపూజకు మడకకు, గడ్డపారలకు పెట్టినట్టే దానికీ పసుపు రాసి, మౌసు నెత్తిన కూడా మా అవ్వ ఒక కుంకుమ బొట్టు పెట్టింది. కరెంటు ఉన్న కాసేపట్లోనే అత్త గబగబా పత్రికలు కొట్టేది. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళంతా వచ్చేవాళ్ళు. ఒకాయనకు వెంకటేశ్వరస్వామి చిన్నగా ఉన్నాడని అలక, ఇంకొకాయనకు వినాయకుడి పక్కన తమ ఇంటి దేవుడు చెన్నరాయుడు కూడా ఉండాలని పట్టు. అత్త ఎవరినీ కాదనేది కాదు. ఏ పత్రికకు ఆ పత్రికలోనే దేవుళ్ళందరినీ కొత్తగా, పెద్దగా కూర్చోబెట్టేది. ఆ కంప్యూటర్ డిస్కు మొత్తం కలిపినా ఇప్పటి ఫోనులో ఒక్క సినిమాకు చాలని జాగా.

అందుకే ఒక రోజు తెర నడుమ ఒక చిన్న డబ్బా మొలిచింది. సి డ్రైవులో జాగా అయిపోతోంది, పాతవి, అక్కర లేనివి తీసేయండని ఇంగ్లీషులో. అత్త చెత్తబుట్ట ఖాళీ చేసేది, కంప్యూటర్ తన పనికోసం రాసుకుని మర్చిపోయిన తాత్కాలిక ఫైళ్ళను వెతికి తీసేసేది. కొన్నాళ్ళు సద్దుమణిగి, డబ్బా మళ్ళీ వచ్చేది. అవ్వకు ఈ బాధ అర్థం కాలేదు.

"నిండితే మంచిదే గదమ్మే. ఈ ఇంట్లో అదొకటి తప్ప నిండింది ఏముండాది?"

రాప్తాడులో బంధువుల ఇంట సీమంతానికి పోతూ అత్త నాయనతో రెండుసార్లు చెప్పింది. "నేనొచ్చేదాకా ఎవురూ ముట్టద్దండన్నా. వచ్చి నేను సర్దుతా."

ఇక్కడ నాయన గురించి కొంత చెప్పాలి. సేద్యం లేని ఎండాకాలంలో ఆయన బావుల పూడిక తీయించే మేస్త్రీ. కప్పీ కట్టి, మోకు వేసి, అడుగున మనుషులు గంపల్లో నింపి పంపే నల్లటి ఒండ్రును పైకి లాగించేవాడు. ఆ ఒండ్రుకు పాత నీళ్ళ వాసన, ఆకుల వాసన ఉండేది, అందులో దొరికిన సొట్టల చెంబులను, గాజు ముక్కలను మేం కడిగి ఎండబెట్టుకునేవాళ్ళం. పైపైన గీకి చేతులు దులుపుకునే ముఠాలంటే నాయనకు చీదర. కొత్త బురద ఎవడైనా తీస్తాడు, అడుగున రాయిలా గట్టిపడిన పాత ఒండ్రు లేస్తేనే ఊట కండ్లు తెరుచుకుంటాయి అనేవాడు. చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన దిగిన బావిలో కొంతైనా నీళ్ళు ఊరకుండా పోలేదు. ఆ పేరు ఆయన కష్టపడి తెచ్చుకున్నది, దాన్ని నేను తగ్గించి చెప్పడం లేదు.

అత్త లేని ఆ రోజుల్లోనే ఒక పెండ్లికొడుకు తండ్రి తన పత్రిక కోసం వచ్చాడు. నేను కంప్యూటర్ ఆన్ చేసి ప్రింటు కొడితే రాలేదు. డబ్బా మొలిచింది. ఆయన నొచ్చుకుని, సాయంత్రం వస్తానని లేచి వెళ్ళాడు. నాయన తువ్వాలు తీసి కుర్చీ వీపున వేసి నా పక్కన కూర్చున్నాడు.

"ఏమంటాందిరా అది?"

"జాగా లేదంట నాయనా. పాతవి తీసేయమంటాంది."

నాయన ముఖం తేటపడింది. అది ఆయనకు తెలిసిన పని. "పైన ఉండేటివి పద్మవి. ఆ పిల్ల కష్టం, వాటి జోలికి పోవద్దు. అడుగుకు పో. పాత ఒండ్రు యాడుండాదో సూడు."

ఫైళ్ళను తేదీల వరసలో పేర్చడం అత్తే నాకు నేర్పింది. అడుగుకు పోతే, మా ఇద్దరికీ తలా తోకా తెలియని పేర్లతో వరసలు వరసలుగా ఫైళ్ళు ఉన్నాయి, అన్నిటికీ ఒకటే తేదీ.

"ఇవి మనింటికి రాకముందటియి నాయనా."

"ఇంకేమి, ముందున్నోళ్ళ చెత్త మనం మోసేదేమిటికి? తీసెయ్."

నిజంగా తీసేయాలా అని అది అడిగింది. తీసేయమన్నాను. కొన్ని ఫైళ్ళు ఎంత నొక్కినా కదల్లేదు. అవి రాళ్ళు, వదిలేయమన్నాడు నాయన. ఇంత తీసినా డబ్బా మళ్ళీ వస్తే, తీసినవన్నీ ఎక్కడికి పోయాయని అడిగాడు. చెత్తబుట్టలో ఉన్నాయన్నాను.

"తీసిన మట్టి గట్టు మీదనే పోస్తే వానకు మళ్ళా బావిలోకే గదరా. దూరం పారబొయ్యి."

పారబోశాను. డబ్బా మాయమైంది. నాయన చేతికి మట్టి అంటకపోయినా, పని ముగిసినప్పటి అలవాటుగా రెండు చేతులూ పంచెకు తుడుచుకున్నాడు. ఆ క్షణంలో ఆయన్ను చూసి నేను గర్వపడ్డాను. అంతలో కరెంటు పోయింది. మూడింటికి తిరిగొచ్చాక మీట నొక్కితే, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు నాలుగు వచ్చి నిలిచిపోయాయి. మేం పారబోసిన ఫైలు ఏదో కావాలని అడుగుతోంది. ఆ పెట్టెను నడిపించే ఫైళ్ళు అన్నిటికంటే ముందు అందులోకి వచ్చినవని, అందుకే అడుగున ఉంటాయని అప్పుడు మా ఇంట్లో తెలిసిన మనిషి ఒక్కతే. ఆమె సాయంత్రం బస్సుకు దిగింది.

చేతిలో ఓళిగల క్యారియర్‌తో అత్త వచ్చేసరికి నాయన వసారాలో తల వంచుకుని మోకు పేనుతున్నాడు. అత్త గదిలోకి వెళ్ళి, తెర మీది అక్షరాలు చదివి, కుర్చీ వీపు మీది తువ్వాలు తీసి మడత పెట్టి చిలక్కొయ్యకు తగిలించింది. ఈలోగా అవ్వ గుమ్మంలోంచే మొదలుపెట్టింది.

"ఊర్లో దేవుళ్ళనంతా తెచ్చి దాంట్లో నింపితివి. ఓర్చుకోలేక కూలిపోయ. ఇంగ అమ్మి బోరేసుకోనీ మీ అన్నను."

నాయన తల ఎత్తలేదు. నేను గోలీల సంచి ముడి విప్పుతూ, వేస్తూ కూర్చున్నాను. అత్త మా ఇద్దరినీ ఒకసారి చూసింది.

"అవును, నాదే తప్పు. నేనే నింపినా. నేనే బాగు చేపిచ్చుకొస్తా. రేపు మొదటి బస్సుకు పోతాండా."

పొద్దున్నే పెట్టెకు బొంత చుట్టి, ఒళ్ళో పెట్టుకుని అనంతపురం బస్సెక్కింది. నన్ను తోడు తీసుకుపోయింది. ప్రతి గుంతకూ రెండు చేతులతో దాన్ని గాలిలోకి లేపుతుంటే కండక్టర్ వంగి చూశాడు.

"ఏమక్కా, పసిబిడ్డా?"

"కాదన్నా. ఊర్లోవాళ్ళ పెండ్లిళ్ళు."

అక్కడ కంప్యూటర్లు బాగుచేసే కొట్టతను పెట్టె విప్పి చూసి, అంతా చెరిపేసి మొదటి నుంచి వేయాలి, ఉన్నవి దక్కవని చెప్పాడు. "తాళంచెవి పోయిందని ఇల్లు పడగొడతావా అన్నా? పోయినవే మళ్ళా వెయ్యి" అని అత్త అతని పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. అతను గొణుగుతూనే ఉన్నవాటి మీదే విండోస్ మళ్ళీ ఎక్కించాడు. మధ్యాహ్నానికి తెర వెలిగింది. అత్త కొట్టిన ప్రతి పత్రికా అందులో చెక్కుచెదరకుండా ఉంది. నాయన ముట్టొద్దన్నవి కదా. ఇంటికొచ్చాక ఆమె ఒక్కో దేవుడి బొమ్మా ఒక్కటే ఉంచి, మిగతా నకళ్ళన్నీ తీసేసింది. జాగా నింపింది దేవుళ్ళేనన్న మాట నిజమే. కూల్చింది మాత్రం వాళ్ళు కాదు.

ఆ తర్వాత రెండేళ్ళు వరసగా పంట పోయింది. ఇల్లు నడిచింది పత్రికల మీద. నాయన మూడో బోరు వేయలేదు. ఒకసారి అనంతపురం నుంచి స్టెబిలైజర్ మోసుకొచ్చి, ఆ గదిలో పెట్టి చేనికి వెళ్ళిపోయాడు. ఆయన నోటి నుంచి ఆ రోజు గురించి ఒక్క మాటా రాలేదు. అవ్వ మాటే ఊరి మాట అయింది, పెద్దయ్యాక నేను దానికి ఇంకాస్త కారం, ఉప్పు కలిపి కథ చేశాను. కంప్యూటర్ల ఉద్యోగంలో ఉన్న నన్ను మా వంశంలో మొదట కంప్యూటర్ పట్టినవాడని పొగుడుతుంటే కాదనలేదు. మొదట పట్టింది పద్మత్త. నాకు పట్టడం నేర్పింది పద్మత్త. పోయిన ఏడు ఒక పెండ్లిలో నేను ఆ కథ చెబుతుంటే, వడ్డిస్తున్న అత్త మధ్యలో బకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది. అప్పటి నుంచి నాకు అన్నం సరిగా సయించని రోజులున్నాయి.

మొన్న ఊరికి పోయాను. నాయన చివరిసారి పూడిక తీసిన బావిలో అంచుదాకా ప్లాస్టిక్ కవర్లు ఉన్నాయి. కప్పీ లేదు, ముఠా లేదు, శెనక్కాయ గది పడిపోయి ఆ మట్టిలో జిల్లేళ్ళు మొలిచాయి. పెండ్లిపత్రికలు ఫోనులోకే వస్తున్నాయి, దేవుడు చిన్నగా ఉన్నాడని అలిగేవాళ్ళు కూడా లేరు. తిరిగొచ్చి అత్తకు ఫోన్ చేసి అంతా చెప్పాను. పెట్టె దొరికిందని, ఆ రోజు తీయించింది నాయన, తీసిన చెయ్యి నాదని, ఇదంతా రాస్తున్నానని.

"కుర్చీ మీద తువ్వాల చూసినప్పుడే తెలుసు లేప్పా."

"మరి నీ తప్పని ఏమిటికి ఒప్పుకుంటివత్తా?"

"నా తప్పయితే నేను బాగు చేసుకుంటా. మీ నాయన తప్పని తేలితే ఆయనకు మొగం చెల్లదు. మొగం చెల్లని మనిషి ఆ వస్తువును కండ్ల ముందర పెట్టుకుంటాడా? తెల్లారేలోగా అమ్మేసుండేవాడు. నాకు మాట కావాల్నా, కంప్యూటర్ కావాల్నా?"

పెండ్లిలో బకెట్టు తీసుకుని వెళ్ళిపోయిన సంగతి అడిగాను.

"సాంబారు అయిపోయింటే తెచ్చేకి పోయినా. నువ్వు దానికీ కథ కట్టినావా?" అని నవ్వి అంది. "రాస్తే రాసుకో శీనా. ముట్టద్దండని రెండుసార్లు చెప్పిపోయినానని కూడా రాయి. పాపం పద్మత్త అని మాత్రం రాయద్దు."

రాయలేదత్తా.