విమానాల మైదానంలో చోళ్ళ పొట్టు

రాయగడలో మా మేడ మీద చోళ్ళు, అదే రాగులు, ఎండబోసినప్పుడు, వేడెక్కిన సిమెంటూ పొట్టూ కలిసిన వాసన ఒకటి లేస్తుంది. అది ముక్కుకు తగిలిందంటే నాకు మళ్ళీ పదేళ్ళే. జయపురంలో విమానాల మైదానం అంచున నిలబడి ఉంటాను.

మా అయ్య మున్సిపాలిటీ కాపలా మనిషి. వారానికోసారి సరుకు విమానం దిగే ఆ మైదానంలోంచి ఆవుల్నీ మేకల్నీ తోలడం ఆయన పని. తక్కిన రోజుల్లో ఆ పొడవాటి సిమెంటు దారి మా వీధి ఆడవాళ్ళదే. వానలు వెనకబట్టి పొద్దున్నే మంచు కమ్మే నెలల్లో చోళ్ళు, సామలు, కందులు, ఎవరి గోనెపట్టా మీద వాళ్ళు పరిచేవారు. అయ్య రేకు డబ్బా వాయిస్తే విమానం వస్తోందని గుర్తు. గింజలు ఎత్తేసి, ఎవరి చోటు వాళ్ళే పొట్టు కూడా మిగలకుండా తుడవాలి. అది అయ్య పెట్టిన కట్టుబాటు. నేను చీపురు పట్టుకుని పరిగెడుతుంటే పక్కింటి అప్పలమ్మత్త నవ్వేది.

"ఓలమ్మీ, బేగి తుడువే! నీ పెళ్ళికొడుకు ఇమానమెక్కి వత్తన్నాడు."

పెళ్ళికొడుకు కాదుగానీ, విమానం నడిపే నెరిసిన మీసాలాయన అద్దంలోంచి నాకు చెయ్యి ఊపేవాడు.

ఆ ఏడు పిన్ని పురిటికని అమ్మ కకిరిగుమ్మ వెళ్ళింది. చోళ్ళ పని నామీద పడింది. డబ్బా మోగింది. గింజలు ఎత్తేసరికే చేతులు పడిపోయి, పొట్టు తుడవకుండా చీపురు చంకన పెట్టుకుని వచ్చేశాను. విమానం దిగి, మందుల పెట్టెలు దించి, ఏవో మూటలు ఎక్కించుకుని మళ్ళీ పరుగందుకుంది. దాని వెనక నా పొట్టు పొగలా లేచింది. చక్రాలు నేల విడిచాయో లేదో, ఒక రెక్క మీది పంకా దగ్గినట్టు దగ్గి ఆగిపోయింది. విమానం ఒక పక్కకు ఒరిగి, అవతల కోసిన వరిమళ్ళలో పడి భగ్గుమంది. ఒకాయన్ని బయటికి లాగారు. మీసాలాయన్ని లాగలేకపోయారు.

పొట్టు ఇంజనులోకి పోయి ఆయన్ని చంపిందని నాకు నేనే తేల్చుకున్నాను.

ఆఫీసర్లు వచ్చి, ఆరోజు దారి తుడిచిందెవరని అడిగారు. అయ్య ఆ వేళ మైదానం ఆ చివర ఆవుల వెంట ఉన్నాడు. అయినా నావైపు చూడకుండా, "నానే తుడిసేను బాబూ" అన్నాడు.

ఆయన్ని మురికి కాలవల పనిలోకి మార్చారు. మైదానంలో ఎండబోయడం ఆపేశారు; అప్పలమ్మత్త మా గుమ్మం వైపు చూడడం మానేసింది. నేను బడి మానేశాను. అమ్మ తిరిగొచ్చి ఎందుకని అడిగినప్పుడల్లా చీపురు పట్టుకుని వాకిట్లోకి పోయేదాన్ని. సాయంత్రాలు పొయ్యి దగ్గర అయ్యా నేనూ అంబలి తాగేవాళ్ళం, ఆయన అటు చూస్తూ, నేను ఇటు చూస్తూ.

చలి పోయి ఎండలు ముదిరాక ఒకరోజు, కాళ్ళు కూడా కడుక్కోకుండా వచ్చి నా పక్కన కూలబడ్డాడు.

"అమ్మీ, ఇంజను లోపలే ఏటో ఇరిగిపోనాదంట. ఆపీసుకి కాయితం వచ్చింది. మన పొట్టు కాదంట."

మన పొట్టు! నేను ఎవరితోనూ అననేలేదు. అన్నాళ్ళూ ఆయనకు తెలుసు. తెలిసే, రోజూ అంబలి ముందు నా గిన్నెలోనే పోశాడు. నేను "ఊఁ" అన్నాను, అంతే.

ఇప్పుడా మైదానం చుట్టూ కంచె ఉంది, గేటు దగ్గర యూనిఫారం వేసుకున్న కాపలా ఉంది. గింజలు పరిచే ఆడవాళ్ళు లేరు. అయ్యా లేడు. ఆరోజు నేను తుడవలేదయ్యా అని ఆయనతో అనడానికి నాకు ఇరవై ఏళ్ళు దొరికాయి. అనలేదు.