చేపల కాటాతో పినియన్ బిగించిన రోజు

బందరులో నా షెడ్డుకి వచ్చే బళ్ళలో సగం ఉప్పుగాలికి తుప్పు పట్టినవే. చేపలమ్మే అక్క చిన్న ట్రక్కూ అంతే. గిలకలదిండి రేవులో వేలం చేపలు కొని, గుడివాడ దాకా తిరిగి అమ్ముతుంది. ఏళ్ళుగా మా ఇంటి ఆదివారం చేప కూడా ఆమె దగ్గరే. ఓ రోజు బండి వెనక ఇరుసులోంచి ఒకటే రోద. ఇరుసు మధ్యలోని డిఫ్రెన్షియల్ విప్పి చూస్తే, చక్రాల్ని తిప్పే పళ్ళకడ్డీ, అదే పినియన్, దాని బేరింగులు రెండూ పోయాయి.

కొత్తవి వేశాను. అసలు తిప్పలు అక్కడే మొదలు. నట్టు బిగించేకొద్దీ లోపలి స్లీవు గొట్టం నలిగి, బేరింగులు బిగుసుకుంటాయి. బిగువు తక్కువైతే పళ్ళు అరిగిపోతాయి, ఎక్కువైతే బేరింగు కాలిపోతుంది. ఎటైనా బండి నడిరోడ్డు మీద ఆగుతుంది, చేపలు కుళ్ళుతాయి. అందుకని పినియన్ చివర దారం చుట్టి, స్ప్రింగ్ కాటాతో లాగి, ఎంత బరువుకి తిరుగుతోందో చూసుకుంటూ బిగించాలి. ఈ బండికైతే రెండు కిలోల దగ్గర తిరగాలి.

నా కాటా పాడైపోయింది. "నీది ఇవ్వక్కా" అన్నాను.

"చేపల కాటా ఇనుముకెందుకు తమ్ముడూ? కంపు కొట్టుద్ది."

"ఇనుముకి ముక్కుందా ఏంటి?"

అయిష్టంగానే ఇచ్చింది. బిగించి లాగాను. ముల్లు రెండు మీద నిలబడింది. చేత్తో తిప్పితే మాత్రం ఇంకా వదులుగానే అనిపించింది. అయినా నేను వింటానా?

"అయిపోయిందక్కా. చెయ్యి అబద్ధం చెబుతుంది గానీ కాటా చెప్పదు."

"చెయ్యేమంటంది?"

"వదులుగా ఉందంటోంది, దాని మొహం."

"పోనీ, దాని మాటే వినొచ్చుగా."

నాకు ఒళ్ళు మండింది. "పాతికేళ్ళుగా ఈ పనే చేస్తున్నాను. ముల్లు కనపడట్లేదా నీకు?" అని డిఫ్రెన్షియల్ ఎత్తి ఇరుసులో పెట్టబోయాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"రెండున్నర దాకా బిగించు."

"ఎందుకూ?"

"అది నేను అమ్మేటప్పుడు తూచే కాటా."

అర్థం కావడానికి కాసేపు పట్టింది. కిలోకి రెండొందల గ్రాములు కోతన్నమాట. చేప తెచ్చినప్పుడల్లా మా ఆవిడ "దారిలో మీ చెల్లెలింట్లో ఎంత దించొచ్చారు?" అని సాధించేది. నేను పిల్లల మీద ఒట్లు వేసేవాణ్ణి. కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చి పొలమారింది.

"మరి ఇన్నేళ్ళూ లేంది ఇప్పుడెందుకు చెప్పావు?"

"చేప తగ్గితే మీ ఇంట్లో కూర తగ్గుద్ది. ఇది తగ్గితే నా బండి ఆగిపోద్ది గదా."

"తమ్ముడూ తమ్ముడూ అంటూ నాకు కూడానా అక్కా?"

ఆమె నిజంగానే నొచ్చుకుంది.

"తమ్ముడివి గనకే నీకు దీంతో తూస్తన్నాను. బయటోళ్ళ కాటా వేరే ఉంది."